ఓడవర్తకులకు అభయము

తుపానులో చిక్కిన ఓడ ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో అందలి సరకు ఎవరిది? పూర్వము పెక్కు దేశములలో అది తీరము నేలు ప్రభువుదే. సముద్రము దోచుకొనగా మిగిలినది రాజు దోచుకొనెడివాడు. ఈ అన్యాయము తొలగిన చోటనే రేవులు వర్ధిల్లినవి.

ఉత్తర ఐరోపాలో జర్మను వర్తకులు ఐకమత్యముతో దీనిని ఎదుర్కొనిరి. 1241లో ల్యూబెక్, హాంబర్గు నగరములు తమ నడుమ నున్న బాటను దొంగలనుండి కాపాడుకొనుటకు ఒడంబడిక చేసికొనినవి. ఇట్టి ఒడంబడికలు పెరిగి 'హాన్సా' అను నగరకూటమి ఏర్పడెను. ల్యూనెబర్గు ఉప్పు ఓడలలో పోయి హెర్రింగు చేపలను నిలువ చేయుటకు ఉపయోగపడెడిది. రష్యానుండి తోళ్లు, మైనము వచ్చెడివి. లండను, బ్రూజెస్, బెర్గెన్, నవ్‌గొరోదులలో వీరికి కోఠీలుండెడివి. భగ్ననౌకల సరకు తమకే దక్కునట్లు వీరు రాజులనుండి హక్కులు సంపాదించిరి. 1370లో డెన్మార్కు రాజ్యము సైతము వీరికి తలయొగ్గి సంధి చేసికొనవలసి వచ్చెను.

దాదాపు ఆ కాలముననే మన తెలుగుతీరమున ఇదే సమస్య మరియొక విధముగా పరిష్కృతమయ్యెను. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. పూర్వరాజులు తుపానుపాలైన ఓడలనుండి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు బలాత్కారముగా గైకొనిరనియు, ప్రాణముకంటె ధనమే మిన్నయని సముద్రమునకు తెగించిన వారిపై దయతో తాము నిర్ణీత సుంకము తప్ప సర్వమును విడిచితిమనియు అందు చక్రవర్తి ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒక వంతు. చందనము, కర్పూరము, ముత్యములు, పట్టు, పగడము, మిరియములు మున్నగు సరకులు అందు పేర్కొనబడినవి. ఆ శతాబ్ది చివర మార్కోపోలో 'ముత్ఫిలి' అను పేర ఈ సీమనే వర్ణించి, ఇచ్చటి సన్నని వస్త్రములను, వజ్రములను కొనియాడెను.

మనకును అయ్యావళి ఐనూర్వురు, పెక్కండ్రు అను వర్తకశ్రేణు లుండెడివి. కాని మోటుపల్లి అభయము రాజు నోటి మాట. కాకతీయ రాజ్యము 1323లో కూలిన పిమ్మట, 1358లో రెడ్డిరాజు అనపోతరెడ్డి అచ్చటనే వర్తకులకు మరల అభయ మీయవలసి వచ్చెను. హాన్సా మాట పలువురు నగరవాసులు కలిసి నిలుపుకొనినది. కనుక శతాబ్దములు నిలిచెను. తుదకు నగరముల స్వప్రయోజనములు వేరుపడి, పరరాజ్యముల బలము పెరుగగా, అదియు సడలెను. 1598లో లండను కోఠీ మూతబడెను. 1669లో కూటమి కడపటి సభ జరిగెను.

ఒక్కరి దయ గొప్పదే. పలువురి పూనిక అంతకంటె దీర్ఘాయువు. అయినను రెండును ఏటేట నూతనము కావలసినవే. ఇరువదియైదేండ్లుగా చందాదారుల చేయూతతో నిలిచిన మన గ్రంథాలయమునకు ఈ సత్యము కొత్తది కాదు.