రామప్ప వెళ్తున్నారా? గుడి చూసి తిరిగొచ్చేయకండి.. చెరువు కట్ట దాకా నడవండి

హైదరాబాద్ నుంచి రామప్పకు వెళ్లే చాలామంది ప్లాన్ ఒకేలా ఉంటుంది. తెల్లవారుజామున కారు ఎక్కడం, 200 కిలోమీటర్లు దాటి పాలంపేట చేరడం, గుడిలో గంటన్నర, ఫొటోలు, భోజనం, ఆ తర్వాత లక్నవరం వేలాడే వంతెన. గుడికి సుమారు కిలోమీటరు దూరంలోనే రామప్ప చెరువు ఉంటుంది. టైమ్ మిగిలితే కారులోనే కట్ట దాకా వెళ్లి ఒక సెల్ఫీ తీసుకుని వచ్చేస్తారు.

ఆ కిలోమీటరు నడిచి చూడండి. దారి దాదాపు చదునుగా ఉంటుంది. ట్రెక్కింగ్ బూట్లు అక్కర్లేదు, పిల్లలు, పెద్దవాళ్లు కూడా నడవగలరు. గుడి నుంచి కట్ట మీదికి వెళ్లి, అక్కడ నింపాదిగా తిరిగి రావడానికి రెండు, రెండున్నర గంటలు సరిపోతాయి. దారి చుట్టుపక్కల, కట్ట మీద కాకతీయుల కాలం నాటి చిన్న గుళ్లు శిథిలమై కనిపిస్తాయి. యునెస్కో గుర్తింపుతో పేరు వచ్చింది పెద్ద గుడికే. ఈ చిన్నవాటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. వాటి పరిస్థితి మాత్రం రోజురోజుకీ దిగజారుతోంది.

గుడి, చెరువు ఒకే ప్లాన్‌లో భాగం

కాకతీయ గణపతిదేవుడి దగ్గర సేనాపతిగా ఉన్న రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించినట్టు ప్రాంగణంలోని శాసనం చెబుతోంది. అందులో దేవుడి పేరు రుద్రేశ్వరుడు. శిల్పి రామప్ప పేరు మీదే గుడికి ఆ పేరు వచ్చిందన్నది జనం నోట నిలిచిన మాట. 2021 జులై 25న యునెస్కో జాబితాలో చేర్చినప్పుడు రెండు పేర్లూ కలిపి 'కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయం' అని రాశారు.

కాకతీయుల కాలంలో ఊరు, గుడి, చెరువు కలిపి కట్టడం ఆనవాయితీ. చెరువు నిండితే పొలం పండుతుంది, పొలం పండితే గుడికి ధూపదీపాలు, ఊరికి తిండి. అందుకే గుడి ఒక్కటే చూసి వస్తే సగమే చూసినట్టు. రామప్ప చెరువుకు మూడు వైపులా గుట్టలే సహజమైన గోడలు. తెరిచి ఉన్న నాలుగో వైపు మట్టితో, రాయితో కట్ట వేశారు. మొత్తం చుట్టూ కట్టాల్సిన పని లేకుండా స్థలాన్ని ఎంచుకోవడంలోనే వాళ్ల ఇంజనీరింగ్ కనిపిస్తుంది.

కట్ట మీద నడిచేటప్పుడు మూడు చూడండి. నీటి వైపు వాలుకు పేర్చిన రాళ్లు ఒకటి. అలలు కట్ట మట్టిని కోసేయకుండా అవే ఆపుతాయి. రెండోది తూము. పొలాలకు నీళ్లు వదిలేది దాని గుండానే. మూడోది మత్తడి, అంటే చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు. ఒకవైపు నీళ్లు, మరోవైపు వరి. 800 ఏళ్లు దాటినా ఈ చెరువు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఇప్పుడు వాననీటికి తోడు దేవాదుల ఎత్తిపోతల పథకంలో గోదావరి నీళ్లూ ఇందులోకి వస్తున్నాయి. కాబట్టి ఇది పార్కు కాదు, సాగునీటి వనరు. కట్ట మీద బండి ఆపి ట్రాక్టర్లకు అడ్డం పెట్టకండి.

శిథిలాల దగ్గర ఏం చూడాలి?

పెద్ద గుడి గురించి మీరు ఇప్పటికే చాలా చదివి ఉంటారు. నల్లరాతి మదనికలు, నక్షత్రాకారపు పీఠం, ఇసుక నింపిన పునాది, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. ఆ ఇటుక చూపించమని సిబ్బందిని అడిగేవాళ్లు రోజూ ఉంటారు. అవి ఉన్నది విమానం పైభాగంలో, చేతికి అందేచోట కాదు.

చిన్న గుళ్లలో ఈ ఆర్భాటం ఉండదు. కానీ గుడి ఎలా కట్టారో అర్థం కావాలంటే ఇవే మంచి పాఠం. పైకప్పు పడిపోయిన చోట దూలం స్తంభం మీద ఎలా కూర్చుందో, రాయికి రాయి ఎలా పట్టు ఇచ్చారో విప్పి చూపినట్టు కనిపిస్తుంది. కట్ట మీద ఉన్నది త్రికూటాలయం. మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకునే ఈ పద్ధతి కాకతీయులకు బాగా ఇష్టం. హనుమకొండ వేయిస్తంభాల గుడీ ఇదే పద్ధతిలో ఉంటుంది. అది ముందే చూసి ఉంటే ఇక్కడ ఏ గోడ ఏమిటో ఇట్టే పోల్చుకోవచ్చు.

ఇలాంటి గుళ్లకు పెద్ద శత్రువు రావి, మర్రి మొక్కలు. పిట్టలు వేసిన గింజ రాళ్ల సందులో మొలుస్తుంది, వేరు లావెక్కేకొద్దీ రాయిని పక్కకు నెడుతుంది. రెండోది గుప్తనిధుల పిచ్చి. నిధి ఉందన్న నమ్మకంతో గర్భగుడిలో తవ్వడం తెలంగాణలో పాత గుళ్లన్నిటికీ ఉన్న బెడదే. మూడోది మనం. ఫొటో కోసం స్తంభం ఎక్కడం, కూర్చోవడానికి రాయి జరపడం, గుర్తుగా చిన్న ముక్క జేబులో వేసుకోవడం.

రాయి జరిపితే ఏమవుతుందని అడగొచ్చు. కూలిన గుడిని మళ్లీ నిలబెట్టేటప్పుడు ఏ రాయి ఎక్కడ పడి ఉందో చూసే, అది ఎక్కడిదో లెక్క కడతారు. జిగ్సా పజిల్ ముక్కల్లాంటివే ఇవి కూడా. జరిపితే ఆ ఆధారం పోతుంది. రామప్ప ప్రాంగణంలోని కామేశ్వరాలయాన్నే చూడండి. పునర్నిర్మాణం కోసం రాళ్లకు నంబర్లు వేసి విప్పారు. నంబర్లు ఉండి కూడా ఆ రాళ్లు ఏళ్ల తరబడి కుప్పగానే పడి ఉండిపోయాయి. నంబర్లే లేని కట్ట మీది గుడి రాళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

చట్టం ఏం చెబుతోంది?

రామప్ప ఆలయం కేంద్ర పురావస్తు శాఖ, అంటే ఏఎస్‌ఐ రక్షణలో ఉంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, కొత్త నిర్మాణాలు కుదరవు. ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అనుమతి ఉంటేనే కట్టాలి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పేరు చెక్కడం కూడా పాడుచేయడం కిందికే వస్తుంది. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి.

రాష్ట్ర ప్రభుత్వానికి 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం వేరేగా ఉంది. శిథిలాలన్నీ ఏదో ఒక జాబితాలో ఉంటాయని అనుకోవద్దు. బోర్డు లేని పాత గుడి ఎవరిదీ కాదన్నట్టు చూడటం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది. తవ్వకాలు, రాళ్లు ఎత్తుకెళ్లడం కళ్లబడితే వెంటనే 112కు ఫోన్ చేయండి. గుడి దగ్గరున్న ఏఎస్‌ఐ సిబ్బందికీ చెప్పొచ్చు. చెట్లు మొలవడం, చెత్త, కట్ట కోత లాంటివైతే ఫొటో, లొకేషన్ జత చేసి ములుగు కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వొచ్చు.

ఎలా వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి?

రైల్లో అయితే వరంగల్ లేదా కాజీపేట, అక్కడి నుంచి హనుమకొండ బస్టాండ్. హనుమకొండ నుంచి పాలంపేట సుమారు 65 కిలోమీటర్లు. ములుగు వైపు బస్సులు బాగానే ఉంటాయి, నేరుగా పాలంపేట వెళ్లేవి తక్కువ. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్‌రోడ్డు దగ్గర దిగితే ఆటోలు దొరుకుతాయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు మాత్రం చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తానంటే కండక్టర్‌తో వాదన తప్పకపోవచ్చు.

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి వరకు నడకకు మంచి కాలం. చెరువు నిండుగా ఉంటుంది, ఎండ తక్కువ. వేసవిలో వెళ్లాల్సి వస్తే పొద్దున్నే గుడి ముగించండి. చెప్పులు విప్పి పీఠం ఎక్కాలి కాబట్టి మధ్యాహ్నం ఆ రాయి మీద అరికాళ్లు కాలిపోతాయి. వానాకాలంలో మత్తడి దూకుతుంటే చూడముచ్చటగా ఉంటుంది, కానీ దాని మీది నుంచి దాటే ప్రయత్నం చేయకండి. పాచి పట్టిన రాయి మీద కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర జరిగే రోజుల్లో ములుగు దారి కిటకిటలాడుతుంది. నడక కోసమే అయితే ఆ వారం వదిలేయండి.

కట్ట మీద నీడ తక్కువ. నీళ్ల సీసా, టోపీ తీసుకెళ్లండి. కూలిన గుళ్లలోకి వెళ్లేటప్పుడు కింద చూసి అడుగు వేయండి, రాళ్ల సందుల్లో పాములుంటాయి. పగిలిన దూలాల కింద నిలబడొద్దు. చెరువు ఒడ్డున పర్యాటక శాఖ కాటేజీలు, బోటింగ్ ఉన్నాయి. ఉండాలనుకుంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పర్యాటకుల హెల్ప్‌లైన్ 1363, అంబులెన్స్‌కు 108.

ఇంకో సగం రోజు ఉంటే లక్నవరం బదులు గణపురం కోటగుళ్లకు వెళ్లమని మా సలహా. రామప్ప నుంచి పది కిలోమీటర్ల దూరం, జయశంకర్ భూపాలపల్లి జిల్లా. ఒకే ప్రాకారంలో 20కి పైగా చిన్నాపెద్దా గుళ్లు, మధ్యలో గణపేశ్వరాలయం. సింహం తల, మనిషి ఒళ్లు ఉన్న ఆకారం ఏనుగు మీద నిలబడ్డ శిల్పాలు అక్కడి ప్రత్యేకత. దగ్గర్లోనే గణపసముద్రం చెరువు. రామప్ప దగ్గర ఉన్నంత రద్దీ అక్కడ ఉండదు. సొంత బండి లేకపోతే మాత్రం రామప్ప దగ్గరే రానుపోను ఆటో మాట్లాడుకుని వెళ్లండి, తిరుగు బస్సు కోసం చీకటి పడేదాకా ఆగొద్దు.