బారామహల్ నాటి నాలుగక్షరముల ఆంగ్లపదములు

ధర్మపురినుండి సేలమునకు పోవు మార్గమున, పట్టణమునకు చేరువగా అదియమాన్‌కోట్టై యను గ్రామము కలదు. ప్రాచీనకాలమున తగడూరు నేలిన అదియమానుల పేర నిలిచిన కోట యిది. అచ్చటి చెన్నరాయ పెరుమాళ్ళ ఆలయమునందలి కుడ్యచిత్రములు ప్రసిద్ధములు. ఈ యూరిపేరు నాంగ్లమున వ్రాయుటకు పదునాలుగక్షరములు కావలెను; 'డి' ప్రక్కన 'హెచ్' చేర్చువారికి పదునైదు. ఇంత దీర్ఘమైన పేరుగల యీ సీమలోనే, నాలుగేసి యక్షరముల పొట్టిమాటలు కొన్ని ఆంగ్లేయుల భూపాలనకు మూలస్తంభములైనవి. అవి ఆంగ్ల నిఘంటువుల కెక్కిన మాటలు. అయినను వానిని విన్న తెలుగు రైతునకు అర్థము చెప్పవలసిన పనిలేదు.

ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతములను కలుపుకొని బారామహల్ అని వ్యవహరించెడివారు. విజయనగర సామ్రాజ్యపు కడపటి దినములలో జగదేవరాయని యేలుబడిలోనుండి, పిదప మైసూరు వశమై, 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధివలన ఈ సీమ టిప్పుసుల్తాను చేతినుండి ఇంగ్లీషు కంపెనీకి సంక్రమించెను. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ దీనికి పాలనాధికారి. అతని సహాయకులలో థామస్ మన్రో యొకడు. 1799 వరకు ఏడేండ్లు అతడిచ్చట పనిచేసెను. భూమిని కొలిపించి, సాగుచేయువానితో నేరుగా శిస్తు నిర్ణయించుకొను పద్ధతికి ఈ సీమలోనే రూపమేర్పడెను. తమిళము, తెలుగు, కన్నడము కలగలసి వినబడు గ్రామములవి. మైసూరువారి కాలమున పారసీకపు లెక్కలమాటలును వానిలో చేరియుండెను. కొత్త దొరలు ఆ మాటలనే యెత్తి ఆంగ్లలిపిలో వ్రాసికొనిరి.

ఆర్, వై, ఓ, టి అను నాలుగక్షరములతో వ్రాయబడిన మాట మన 'రైతు'. మూలమున నిది అరబ్బీ శబ్దము. కాపరి పాలనలోని మంద, రాజు పాలనలోని ప్రజ యని దాని తొలి యర్థము. తెలుగువారి నోట నది యజంతమై, మందయను అర్థమును పూర్తిగా విడిచి, సేద్యగానికి గౌరవవాచకమైనది. ఆంగ్లమున హల్లుతోనే ఆగిపోయినది. రెండుభాషలలో నొకేమాట యిట్లు నడచినను, దాని బరువు సమానము కాదు: కచేరీలో అది శిస్తు చెల్లించువాని పేరు, పల్లెలో అది మనిషి పరువు.

సి, ఓ, డబ్ల్యు, ఎల్ అను అక్షరముల మాట మరింత చిత్రమైనది. ఆంగ్లేయుని యింట అది క్రైస్తవ సన్న్యాసి తలముసుగు. బారామహల్ కాగితములలో నది 'కౌలు'. అరబ్బీలో 'కౌల్' అనగా పలికిన మాట, ఇచ్చిన వాగ్దానము. భూమిని ఇంతకాలము ఇంత శిస్తుకు అనుభవింపుమని యధికారి యిచ్చిన మాటయే కౌలుపత్రము. మొదట కొన్నియేండ్ల గడువుతో కౌలు లియ్యజూచిన రీడ్, 1796లో వెలువరించిన ప్రకటనలో, రైతు తనకు వలసిన భూమిని ఏటేట ఉంచుకొనుటకును వదలుకొనుటకును వీలు కల్పించెను. రైతువారీ విధానపు చరిత్రలో నిది ముఖ్యఘట్టము. ఆ విధానమునకు ముఖ్యమైన 'పట్టా' ఆంగ్లమున అయిదక్షరములు గలది గనుక మన లెక్కకు రాదు.

కె, ఐ, ఎస్, టి — 'కిస్తు', శిస్తులో వాయిదాపై చెల్లించు భాగము. స్కాట్లండు వారి పలుకులో ఇవే యక్షరములకు పెట్టె యని యర్థము. మన్రో గ్లాస్గోలో పుట్టినవాడు. టి, ఓ, పి, ఇ — 'తోపు'. ఇది అరబ్బీ కాదు, ద్రావిడము. మామిడితోపు, చింతతోపు అనునప్పటి తోపే. మద్రాసు రాజధాని లెక్కలలో నిది తరచుగా కనబడును. ఇంగ్లండులో ఇదే వర్ణక్రమమునకు మితిమీరి త్రాగుట యని యర్థము; అశోకుని కాలపు స్తూపమును గూడ ఆంగ్లేయు లొకప్పుడిట్లే వ్రాసిరి. చెట్లనీడకును త్రాగుబోతునకును ఇంతటి సామీప్యము మరియెచ్చటను కలుగలేదు.

సి, ఏ, ఎస్, హెచ్ విషయము వేరు. రొక్కమను అర్థముగల ఆంగ్లపదము, పెట్టె యను అర్థముగల ఐరోపా మాటనుండి వచ్చినది. మద్రాసులో చెల్లిన చిన్న రాగినాణెమునకు అదే వర్ణక్రమమున్నను మూలము మన 'కాసు'. ఎనుబది కాసులొక ఫణము, నలుబదిరెండు ఫణములొక వరహా అని కంపెనీవారి లెక్క. అనగా వరహాకు 3360 కాసులు. తెలుగింటి కాసులపేరులోని కాసు బంగారము, కంపెనీ కాసు రాగి.

ఇట్టి మాటలన్నిటిని చేర్చి అర్థములు వ్రాసినవారిలో ముఖ్యులు ఇరువురు. హెచ్. హెచ్. విల్సన్ 1855లో న్యాయ, రెవిన్యూ పదముల కోశమును వెలువరించి, పదములను దేశీయ లిపులలో గూడ చూపెను. దానికి ముందు 1854లో సి. పి. బ్రౌను తెలుగున వాడుకలోనున్న మిశ్రభాషాపదములకు ప్రత్యేక నిఘంటువు కూర్చెను. 1852 నాటి తన ప్రధాన నిఘంటువునుండి వీనిని వేరుచేయుట విద్వాంసునకు సౌకర్యమే కావచ్చును. కాని పొలముగట్టున తాతలనాటినుండి పలుకుచున్న మాటను పరాయిదని వేరుగదిలో కూర్చుండబెట్టుట సమంజసమని చెప్పజాలము. పత్రములో నున్నది తనభాష కాదని నమ్మిన రైతు, చదువగల కరణముపైననే ఆధారపడవలసివచ్చును.

మన్రో 1800లో దత్తమండలములకు ప్రధాన కలెక్టరై వెళ్ళి 1807 వరకుండెను. బారామహల్‌లో పదునుపెట్టబడిన పద్ధతియు దాని మాటలును కడప, బళ్ళారి సీమల తెలుగు గ్రామములకు అతనివెంట చేరినవి. 1827లో గవర్నరుగా పర్యటించుచు పత్తికొండలో అతడు మరణించెను.

ఐ, ఎన్, ఏ, ఎం — 'ఇనాము', శిస్తు లేకయో తక్కువ శిస్తుతోనో ఇచ్చిన భూమి. 1858లో మద్రాసు ప్రభుత్వము ఇనాముల విచారణకు కమీషను నేర్పరచి హక్కుపత్రములు పరిశీలింపజేసినది. ఆంధ్రప్రాంతమున 1956లోను, మద్రాసు రాష్ట్రమున 1963లోను చేసిన శాసనములు ఇనాములను రద్దుచేసి రైతువారీగా మార్చినవి. ఒక నాలుగక్షరముల మాటను తొలగించుటకు మరియొక నాలుగక్షరముల మాటకు పుట్టిన పదమే వలసివచ్చినది. కౌలు మాత్రము రద్దు కాలేదు. 2019లో ఆంధ్రప్రదేశమున వచ్చిన చట్టము పంట సాగుదారుని హక్కుల పేర వెలువడినది. కౌలు అను మాట దాని పేరులో లేదు. పొలము చేయువాడు మాత్రము తన్నుతాను కౌలురైతునని చెప్పుకొనుచున్నాడు.