బోదలేర్ ఇల్లు తగలబెట్టిందెవరు?

లెమనీ స్నికెట్ పేరుతో డేనియల్ హాండ్లర్ రాసిన ‘ఎ సిరీస్ ఆఫ్ అన్‌ఫార్చునేట్ ఈవెంట్స్’ 1999లో బోదలేర్ పిల్లల ఇల్లు కాలిపోవడంతో మొదలవుతుంది. అమ్మానాన్నలు పోయారు. ఆస్తి కోసం వెంటబడే కౌంట్ ఓలాఫే అంటించాడనుకోవడం తేలిక. కానీ 2001లో వచ్చిన ఎనిమిదో పుస్తకంలో, ఒక ఫైల్లోని 13వ పేజీ పిల్లలకి దొరుకుతుంది: ఆ మంటల్లోంచి ఒకరు బతికి ఉండొచ్చట! ఇక అభిమానుల ఊహలకి పగ్గాల్లేవు. అమ్మా? నాన్నా? పదో పుస్తకంలో కనిపించేది క్విగ్లీ అనే కుర్రాడు, అదీ వేరే ఇంటి మంటల్లోంచి బయటపడ్డవాడు. నేనైతే దీన్ని మోసం అనను. మనకది పజిల్, పిల్లలకి అమ్మానాన్నలు రెండోసారి పోవడం. 2006లో, చివరి పుస్తకంలో నిలదీస్తే ఓలాఫ్ ఒప్పుకోడు. మీకేం తెలుసన్నట్టు మాట్లాడతాడు.