తెర వెనక నొప్పి



మా పిన్ని సంగతితో మొదలుపెడతాను. ఆవిడకి ఏడాదిపాటు కడుపులో నొప్పి. బాబాయి డాక్టరుగారి దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. "ఏమిటమ్మా బాధ?" అని డాక్టరుగారు అడిగితే జవాబు బాబాయి చెప్పేవాడు: "గ్యాసండీ, వేళకి తినదు" అని. పిన్ని తలూపేది. మరీ రెట్టించి అడిగితే "ఏం లేదండీ, కాస్త నలతగా ఉంటుంది" అనేది. మాత్రలు తెచ్చుకుని ఇంటికొచ్చేవారు. ఒకనాడు బాబాయి మందులచీటీ పట్టుకుని బయటికి వెళ్ళినప్పుడు నర్సమ్మ అడిగింది: "నొప్పి ఎప్పుడొస్తుందమ్మా? ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుంది?" అని. అప్పుడు పిన్ని నోరు విప్పింది. నూనెవంటలు తిన్న రోజు రాత్రి కుడి పక్క డొక్కలో మెలిపెట్టినట్టు మొదలై, వెనక కుడి రెక్కదాకా పోటు వస్తుందని చెప్పింది. పరీక్ష చేయిస్తే పిత్తాశయంలో రాళ్ళు! ఏడాదిగా తెలియని సంగతి ఆ రెండు ముక్కల్లో బయటపడింది.

పిన్నికి నోరు లేక కాదు. ఇంట్లో ఆవిడ గొంతు నాలుగిళ్ళకి వినిపించేది. మరి డాక్టరు ముందు ఆ గొంతు ఏమైంది? ఆ మౌనం పిన్ని ఒక్కదానిదీ కాదు, నిన్నటిదీ కాదు. దానికి వెనక పెద్ద చరిత్ర ఉంది.

నూటయాభై ఏళ్ళ కిందటి మాట. ఘోషా పాటించే ఇళ్ళల్లో స్త్రీకి జబ్బుచేస్తే మగ వైద్యుడు ఆమె ముఖం చూడకూడదు. తెర సందులోంచి చెయ్యి చాపితే నాడి చూసేవారు. నొప్పి ఎక్కడుందో, ఎలా ఉందో ఇంట్లోవాళ్ళెవరో విని వచ్చి వైద్యుడికి చెప్పేవారు. ఒకరి బాధ మరొకరి నోట పడేసరికి ఏం మిగులుతుందో మీకు తెలియనిది కాదు. చెప్పుకోలేని చోట నొప్పి అయితే ఆ పాటి కబురు కూడా వెళ్ళేది కాదు.

మధ్యభారతంలో పన్నా అని ఒక సంస్థానం. అక్కడి మహారాణికి జబ్బుచేస్తే లక్నోలో పనిచేసే ఎలిజబెత్ బీల్బీ అనే మిషనరీ వచ్చి వైద్యం చేసింది. 1881లో ఆమె ఇంగ్లండు వెళుతుంటే మహారాణి ఒక కోరిక కోరింది. భారతదేశంలో జబ్బుపడిన స్త్రీలు ఎంత బాధపడుతున్నారో విక్టోరియా రాణికి స్వయంగా చెప్పమంది. ఆ కబురు చిన్న అక్షరాల్లో రాయించి, ఒక లాకెట్టులో పెట్టి, రాణి చేతికి అందేదాకా మెడలోంచి తియ్యవద్దంది. చూశారా! ఒక సంస్థానానికి మహారాణి అయివుండీ, ఆడవాళ్ళ నొప్పి మాట పైకి చెప్పాలంటే లాకెట్టులో దాచి సముద్రాలు దాటించవలసి వచ్చింది.

ఆ కబురు వృథా పోలేదు. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పూనికతో, ఈ దేశపు స్త్రీలకు స్త్రీల చేతనే వైద్యసహాయం అందించడానికి ఒక నిధి ఏర్పడింది. అదే సంవత్సరం మద్రాసులో గోషా స్త్రీలకోసం ఆసుపత్రి వెలిసింది. దానికి మూలపురుషుడు కాదు, మూలస్త్రీ మేరీ షార్లీబ్. 1875లో మద్రాసు వైద్యకళాశాలలో చేరిన మొదటి నలుగురు స్త్రీలలో ఆమె ఒకరు. తిరువళ్ళిక్కేణిలో ఉన్న కస్తూర్బా గాంధీ ఆసుపత్రి ఆనాటిదే.

మన గుంటూరికీ ఈ కథలో చోటుంది. 1883లో అమెరికానుంచి డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడికి వచ్చింది. పదిహేనేళ్ళ శ్రమ తర్వాత 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. మన చిత్తూరు జిల్లావాళ్ళకి దగ్గరైన వేలూరు సంగతీ చెప్పాలి. 1890ల తొలినాళ్ళలో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ప్రసవం కష్టమైన తమ భార్యలకి సాయం చెయ్యమని ఐడా స్కడ్డర్ అనే యువతి దగ్గరికి వచ్చారు. ఆమెకి అప్పటికి వైద్యం రాదు. వైద్యుడైన ఆమె తండ్రి ఉన్నాడు గానీ, పరాయి మగవాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు తల్లులూ పోయారు. ఆ రాత్రి ఆమెను డాక్టరును చేసింది. చదువుకుని 1900లో తిరిగివచ్చింది. 1918లో వేలూరులో స్త్రీలకోసం వైద్యపాఠశాల స్థాపించింది.

అలా బట్టతెర తొలగింది. కాని మనసులో తెర అలాగే ఉండిపోయింది. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది" అన్న సామెత నేర్చుకుంటూ పెరిగాం. ఓర్చుకున్నది ఇల్లాలు, చెప్పుకున్నది గయ్యాళి! డాక్టరు దగ్గర కూడా అదే గుట్టు.

జ్వరానికి థర్మామీటరుంది, రక్తపోటుకి పరికరముంది. నొప్పికి అలాంటిది లేదు. ఫోటోలో అంతా సరిగ్గా కనిపించినా నొప్పి ఉండవచ్చు. రోగి చెప్పిన మాటే దానికి కొలత. ఈ సంగతి వైద్యులు గట్టిగా పట్టించుకున్నది 20వ శతాబ్దపు రెండో సగంలోనే. లండనులో సిసిలీ సాండర్స్ అనే ఆమె మొదట నర్సు, తర్వాత డాక్టరు. నయంకాని జబ్బుతో ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ మాటలు టేపురికార్డరులో ఎక్కించుకుని మరీ వినేది. నొప్పి ఒంటికే కాదు, మనసుకీ సంసారానికీ కూడా ఉంటుందని చెప్పి, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించింది.

కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రోనాల్డ్ మెల్జాక్ ఇంకో పని చేశాడు. నొప్పిని గురించి రోగులు వాడే మాటలన్నీ పోగుచేశాడు. పొడిచినట్టా, కాలినట్టా, లాగినట్టా, కొట్టుకున్నట్టా అని వాటిని వర్గాలుగా పేర్చి, 1975లో 78 మాటలు 20 గుంపులుగా ఒక ప్రశ్నావళి ప్రకటించాడు. ఏ మాట ఎంచుకున్నారన్నదాన్నిబట్టి జబ్బు జాడ తెలుస్తుందని చూపించాడు. ఇక 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం తన నిర్వచనాన్ని సవరిస్తూ, మనిషి తనకు నొప్పిగా ఉందంటే ఆ మాటను గౌరవించాలని స్పష్టంగా రాసింది.

ఆ 78 మాటలు చూస్తే నాకు మన వంటింటి కబుర్లే గుర్తొచ్చాయి. మన తెలుగులో మాటలకేం తక్కువ! తలపోటు, కీళ్ళ సలుపు, కాళ్ళ పీకులు, నడుం లాగడం, గుండెల్లో మంట, పక్కలో కలుక్కుమనడం, కడుపులో మెలిపెట్టడం, అరికాళ్ళలో సూదులు గుచ్చినట్టుండడం. పక్కింటి వదినతో ఇవన్నీ చెప్పే మనం డాక్టరు ముందు మాత్రం "ఏదో నొప్పండీ" అంటాం. అక్కడా ఆ మాటలే వాడండి.

బయలుదేరేముందు ఒక కాగితం ముక్క మీద రాసుకోండి. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళుగా, ఏ వేళ, ఎటు పాకుతుంది, ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది. దానివల్ల ఏ పని ఆగిపోయిందో కూడా చెప్పండి. "నొప్పి ఎక్కువ" అనడంకంటే "బిందె ఎత్తలేకపోతున్నాను, రాత్రి మూడుసార్లు లేస్తున్నాను" అంటే డాక్టరుకి బాగా తెలుస్తుంది. ముఖ్యమైన బాధ ముందు చెప్పండి, గుమ్మం దాటేటప్పుడు కాదు. వాడిన మందులు, నాటుమందులతో సహా, దాచకండి. మగవారి ఎదుట చెప్పలేనిదైతే "కాస్త విడిగా మాట్లాడాలండీ" అనండి, తప్పులేదు. డాక్టరు చెప్పింది అర్థంకాకపోతే మళ్ళీ అడగండి. ఒక్కటి మరవకండి: గుండెపోటు ఆడవాళ్ళకి ఛాతీనొప్పితోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, దవడనొప్పి, వీపునొప్పి, ఆయాసం, వాంతులుగా రావచ్చు. హఠాత్తుగా అలా వస్తే గ్యాసని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మా పిన్ని ఇప్పుడు కులాసాగా ఉంది. మొన్న మోకాలినొప్పికి డాక్టరు దగ్గరికి వెళితే బాబాయి అలవాటుగా నోరు తెరిచాడట. "మీరుండండి, నొప్పి నాది" అందట పిన్ని. పన్నా మహారాణి లాకెట్టులో దాచి పంపిన మాట, పిన్ని కుర్చీలో కూర్చుని పైకే అనగలిగింది. మీరూ అనండి.