కార్డు మీది చెన్నపట్నం

పాత పోస్టుకార్డు బొమ్మలు పోగుచేసేవారు మన ఊళ్ళలో పెరుగుతున్నారు. పాత బొమ్మ పక్కన అదే చోటి కొత్త ఫోటో పెట్టి చూసి, "ఎంత మారిపోయింది!" అనుకోవడం మామూలే. ఆ ఆశ్చర్యం దగ్గరే ఆగిపోతే కార్డు చెప్పే కబుర్లలో సగం కూడా వినిపించవు. ముఖ్యంగా చెన్నపట్నం కార్డుల సంగతిలో. వాటి మీద తెలుగువాడి పేరు ఎక్కడా ఉండదు. బొమ్మలో మాత్రం అతను ఉంటాడు.

ముందుగా కార్డుల పుట్టుక గురించి రెండు మాటలు. మన దేశంలో కాలణా తపాలా కార్డు 1879లో వచ్చింది. బొమ్మల కార్డులకు గిరాకీ 1900 ప్రాంతాల నుంచి మొదటి ప్రపంచయుద్ధం వరకు జోరుగా సాగింది. మదరాసులో హిగిన్‌బాథమ్స్ వంటి పుస్తకాల అంగళ్ళు, మౌంటురోడ్డు ఫోటో స్టూడియోలు వీటిని అమ్మేవి. అచ్చు చాలావరకు జర్మనీలో. నలుపు తెలుపు ఫోటోకు రంగులు వేసినవారిలో ఎక్కువమంది మదరాసును చూసి ఎరుగరు. కాబట్టి కార్డులో చీర ఎరుపును, ఆకాశం నీలాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. గోడలను, స్తంభాలను, పట్టాలను నమ్మవచ్చు.

తేదీ లేని కార్డుకు కాలం కట్టే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. వీధిలో ట్రాము కనిపిస్తే అది 1895 తర్వాతి బొమ్మ; మదరాసులో ఎలక్ట్రిక్ ట్రాములు ఆ ఏడాది మొదలై 1953లో ఆగిపోయాయి. సెంట్రల్ స్టేషను పక్కన తెల్లటి రిప్పన్ భవనం ఉంటే 1913 తర్వాతిది. కార్డు వెనక మొత్తం చిరునామాకే వదిలేసి ఉంటే అది బాగా పాతది. వెనకవైపు మధ్యన గీత గీసి సగం ఉత్తరానికి ఇచ్చే పద్ధతి 1902లో బ్రిటన్‌లో మొదలై, కొద్ది ఏళ్ళలో ఇతర దేశాలకు పాకింది.

ఇక వీధులలోకి వెళదాం.

హైకోర్టు, చైనాబజారు

అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది హైకోర్టు కార్డు. 1892లో తెరిచిన ఎర్రటి భవనం, దాని గుమ్మటాలు, ఎత్తయిన గోపురం, ముందు విశాలమైన ఖాళీ స్థలం, రోడ్డు మీద ఒకటి రెండు జట్కాలు. 1894 నుంచి 1977 దాకా ఆ గోపురమే ఓడలకు దీపస్తంభం. భవనం నేటికీ అలాగే ఉంది. ఖాళీ స్థలమే లేదు. బస్సులు, వకీళ్ళ కార్లు, మెట్రో స్టేషను దాన్ని నింపేశాయి.

అయితే కార్డులో కనిపించే ఆ ఖాళీ కూడా మొదటినుంచి ఖాళీ కాదు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కుంపిణీకి ఈ తీరంలో చోటు ఇచ్చాక, కోట గోడకు ఉత్తరాన వెలసిన మొదటి ఊరు ఇక్కడే ఉండేది. నాయకుని తండ్రి దామెర్ల చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం అన్న పేరు వచ్చిందని చాలామంది చరిత్రకారుల మాట. నేత పని, అద్దకం, దుబాసీతనం, వర్తకం చేసే తెలుగు, తమిళ కుటుంబాలు ఆ ఊళ్ళో పక్కపక్కన బతికాయి. చెన్నకేశవస్వామి గుడి ఉండేది. దాని తొలి చరిత్రలో కుంపిణీ దుబాసీ బేరి తిమ్మన్న పేరు వినిపిస్తుంది. 1746లో ఫ్రెంచివారు పట్నాన్ని పట్టుకుని మూడేళ్ళు ఏలారు. ఆ తర్వాత కోట చుట్టూ ఫిరంగులకు అడ్డులేని మైదానం కావాలని ఆ ఊరిని పూర్తిగా పడగొట్టారు. గుడి కూడా పోయింది. 1760లలో దాన్ని చైనాబజారు రోడ్డు పక్కన, దేవరాజ మొదలి వీధిలో మళ్ళీ కట్టారు. అంటే పోస్టుకార్డు "పాత మదరాసు" అని చూపే ఆ పచ్చిక బయలు, అంతకన్నా పాత ఊరి మీద పరిచింది. మన "అప్పుడు" కింద ఇంకొక "అప్పుడు" ఉంది.

హైకోర్టుకు ఎదురుగా చైనాబజారు రోడ్డులో పచ్చయప్ప హాలు. 19వ శతాబ్దం నడిమిలో గ్రీకు దేవళం తరహాలో కట్టింది. పాత కార్డులలో దాని స్తంభాలు వీధి మొత్తానికి అందంగా నిలిచి ఉంటాయి. 1844లో 'క్రెసెంట్' పత్రిక పెట్టి, 1852లో మదరాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, కుంపిణీ పాలనలో రైతు పడే బాధలను లండను దాకా వినిపించిన గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు పచ్చయప్ప ధర్మసంస్థకు ముఖ్యులలో ఒకరు. ఈ రోజు రోడ్డు పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ రోడ్డు. హాలు ఉంది, కానీ పేవుమెంటు అంగళ్ళ వెనక స్తంభాలు కనిపించడమే కష్టం.

ఆ పక్కనే పోఫమ్స్ బ్రాడ్వే. కార్డు మీద ఉన్నది ఆ వీధి వేయించిన ఇంగ్లీషు వకీలు పేరు. దానికి పడమట పెద్దనాయకునిపేట; అది పట్నానికి కావలి కాసిన పెద్దనాయకుల పేరు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బహిష్కరణ రోజు, హైకోర్టుకు దగ్గరలోనే పోలీసు తుపాకులకు టంగుటూరి ప్రకాశంగారు రొమ్ము చూపారు. ఇప్పుడు బ్రాడ్వేకు సర్కారు పేరు ప్రకాశం సాలై. జనం మాత్రం బ్రాడ్వే అనే అంటారు.

పార్కుటౌను వరుస

రెండవ పేరుమోసిన దృశ్యం పార్కుటౌనుది: సెంట్రల్ స్టేషను, మూర్ మార్కెట్టు, విక్టోరియా పబ్లిక్ హాలు, తర్వాతి కార్డులలో రిప్పన్ భవనం. వీటిలో మూర్ మార్కెట్టు ఇప్పుడు కార్డులోనే ఉంది. 1900లో తెరిచిన ఆ మార్కెట్టు 1985లో కాలిపోయింది. అక్కడ సబర్బన్ రైళ్ళ స్టేషను లేచింది. పాత పుస్తకాల కోసం ఆ వసారాలలో తిరిగిన తెలుగు చదువరులు ఎందరో.

విక్టోరియా హాలు కార్డు కింద రాణిగారి పేరే ఉంటుంది. 1883లో దానికి పునాదిరాయి వేసినవారు విజయనగరం మహారాజు ఆనంద గజపతిగారు. చందాలలో వారిది పెద్ద చెయ్యి. నమూనా గీసినవాడు చిషోమ్ దొర. కట్టించిన మేస్త్రీ కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ళు శెట్టిగారు; ఎగ్మూరు మ్యూజియం ఆవరణలోని విక్టోరియా స్మారక భవనం వంటి ఎర్రటి కట్టడాలూ ఆయన చేతిమీదుగా లేచినవే. ఈ హాలుకు ఇంకొక తెలుగు ముడి ఉంది. 1891లో బళ్ళారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యులుగారి సరసవినోదినీ సభ మదరాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. అవి చూసిన పమ్మల్ సంబంధ మొదలియారుగారు అదే ఏడాది సుగుణవిలాస సభ పెట్టారు. ఆ సభ చాలాకాలం ఈ హాలులోనే నాటకాలాడింది. తమిళ రంగస్థలానికి కొత్త ఊపిరి పోసిన సభకు ప్రేరణ, నేటి కర్ణాటకలో ఉన్న ఒక ఊరి తెలుగు నాటక సమాజం. కార్డులోని ఎర్ర గోడ ఈ సంగతి చెప్పదు.

మన్రో దొర విగ్రహం

కోటకూ మౌంటురోడ్డుకూ మధ్య ఐలండ్ మైదానంలో గుర్రం మీది థామస్ మన్రో విగ్రహం దాదాపు ప్రతి కార్డుల కట్టలోనూ ఉంటుంది. 1839లో నిలిపారు. మౌంటురోడ్డు అణ్ణాసాలై అయింది, స్పెన్సరు పాత భవనం 1980లలో కాలిపోయింది, దీన్ని మాత్రం ఎవరూ కదపలేదు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా ఉండి, 1827లో గవర్నరుగా పర్యటనలో పత్తికొండలో కలరాతో పోయిన మనిషి ఆయన. కడప, బళ్ళారి సీమల్లో పిల్లలకు మన్రో పేరు పెట్టుకున్నారు. కార్డు కొన్న తెల్లదొరకు అది తమవాడి విజయచిహ్నం. దాని పక్కనుంచి ఎద్దులబండి తోలుకుపోయిన సీమ రైతుకు అది ఇంకొకటి. బొమ్మ ఒకటే, చూపులు రెండు.

పేర్లు, వాటాలు

ఇన్ని చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 1952-53లో "మదరాసు మనదే" అన్న నినాదం వాడవాడలా మోగింది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ప్రాణం ఇచ్చింది ఈ పట్నంలోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చింది. పట్నం ఇక్కడే ఉండిపోయింది. ఆ తగవు తీరిపోయింది. పాత కార్డులను దస్తావేజుల్లా ముందు పెట్టి దాన్ని తిరగదోడనక్కరలేదు. ఈ వీధులను తమిళులు, తెలుగులు, గుజరాతీలు, అర్మేనియన్లు కలిసి కట్టారు.

అయితే తగవు వద్దన్నంత మాత్రాన జ్ఞాపకాన్నీ వదులుకోనక్కరలేదు. 1970ల చివర వీధుల పేర్లలోంచి కులం తోకలు తీసేయాలని ప్రభుత్వం తలపెట్టింది. ఉద్దేశం మంచిదే. తంబుశెట్టి వీధి, గోవిందప్పనాయకుని వీధి బోర్డుల మీద పొట్టివయ్యాయి. ఆంధ్రపత్రిక వెలువడిన తంబుశెట్టి వీధి ఏ వర్తకుడి పేరిట వెలసిందో బోర్డు చూసి పోల్చుకోవడం కష్టమయింది. మదరాసు 1996లో చెన్నై అయింది. ఆ కొత్త పేరులో చెన్నప్ప ఉన్నాడన్న సంగతి కూడా ఎవరో ఒకరు చెప్తేగాని పిల్లలకు తెలియదు.

అందుకే ఒక చిన్న విన్నపం. చెన్నపట్నంలోనే కాదు, బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాంలలోనూ మన ఇళ్ళ ట్రంకుపెట్టెలలో ఇలాంటి కార్డులు ఉంటాయి. కార్డు మీద ఏమీ రాయకండి. ఒక విడి కాగితం మీద రాసి జతచేయండి. ఫోటో ఏ మూల నుంచి తీశారు, ఇప్పుడు అక్కడ ఏముంది, ఆ వీధిని ఇంట్లో పెద్దవాళ్ళు ఏ పేరుతో పిలిచేవారు. మూడో ప్రశ్నకు జవాబు ఏ గ్రంథాలయంలోనూ దొరకదు. అది చెప్పగలిగినవాళ్ళు ఏటా తగ్గిపోతున్నారు.