చేవ్రాలు అంకెల్లోకి వచ్చిన కథ

మన పిల్లవాడి జాతి సర్టిఫికెట్టు ఫైలు తెరిస్తే సంతకం దగ్గర ప్రశ్న గుర్తు కనబడిందని ఒక కాలేజీలో తిప్పి పంపారట. దొంగపత్రమా అని ఇంట్లో అందరూ హడలిపోయారు. అందుకని ఈ సంతకం చరిత్ర కొంచెం రాస్తున్నాము.

మన పెద్దల భూమి పత్రాల అడుగున చేవ్రాలు ఉంటుంది. రాయడం రానివారు నిశానీ వేసేవారు, పక్కన సాక్షులు. ఫోనులో చెప్పే మాటకి చేవ్రాలు ఎక్కడిది? రైల్వేలో దీనికి ప్రైవేటు నంబరు ఉంది. స్టేషను మాస్టరు తన పట్టీలోనుంచి ఒక నంబరు పక్క స్టేషనుకి చెప్తారు, వాడినది కొట్టేస్తారు. రైల్వేలో పనిచేసిన మాకు ఆ పద్ధతి మీద చాలా గౌరవం. అయితే ఆ నంబరు మనిషికి సాక్ష్యమే గాని చెప్పిన మాటకి కాదు. మాట తప్పుగా విన్నా నంబరు అదే.

మాటనీ మనిషినీ కలిపి కట్టే దారి 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ చూపించారు. ఒక్కొక్కరికి రెండు తాళంచెవులు: ఒకటి రహస్యం, ఇంకొకటి ఊరందరికీ. రహస్యపు చెవితో వేసిన సంతకాన్ని రెండోదానితో ఎవరైనా సరిచూడవచ్చు, వేయలేరు. దాన్ని లెక్కగా చేసి చూపినవారు ఎం.ఐ.టి.లో రివెస్ట్, షమీర్, ఏడల్మన్, 1977లో. ఆ ఏడు ఆగస్టులో మార్టిన్ గార్డ్‌నర్ తన పత్రిక శీర్షికలో వాళ్ళ పందెం వేశారు: 129 అంకెల సంఖ్యతో మూసిన రహస్యం, విప్పినవారికి 100 డాలర్లు. పందెం నిజంగా వాళ్ళదేనా? దానికి కూడా సంతకమే! పక్కన ఇచ్చిన ఇంకో సంఖ్యని లెక్క కడితే, మొదట విప్పినవారికి నూరు డాలర్లు అనే మాట వచ్చేది. విప్పడానికి 1994 దాకా పట్టింది, సుమారు 600 మంది కలిసి.

మన దేశంలో 2000 అక్టోబరు 17నుంచి చట్టం ఈ సంతకాన్ని ఒప్పుకుంది.

ఇప్పుడు ఫైలు మొత్తాన్ని కుదించి ఒక సంఖ్య చేసి, దానిమీద సంతకం వేస్తారు. ఒక్క కామా మార్చినా సరిపోదు. మరి ప్రశ్న గుర్తు? సంతకం వేసిన తాళంచెవి ఎవరిదో ఆ కంప్యూటరుకి ఇంకా పరిచయం లేదని, అంతే. సంతకం చెడితే వేరే గుర్తు వస్తుంది. ప్రింటులో ఉండేది సంతకం బొమ్మ మాత్రమే. కాబట్టి ఈసారి స్కాలర్‌షిప్పు దరఖాస్తుకి వచ్చిన ఫైలునే అలాగే పంపండి. ఫోటో తీసి పంపితే మన కమిటీవాళ్ళు దానిలో ఏమీ సరిచూడలేరు.