కెప్టెన్ గారికి చెప్పిందెవరు?

మా అమ్మమ్మ సలహాలన్నీ సామెతలే. కాపురానికి బయల్దేరుతున్న నాతో, "అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు. మీ ఇద్దరికీ ఆ యోగం లేదు, సర్దుకుపోవే!" అంది. ఇటువంటి సామెతలు రెండువేలకు పైగా పోగుచేసి, ఇంగ్లీషు అర్థాలతో 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక'గా 1868లో మద్రాసులో అచ్చువేయించాడు కార్ అనే కెప్టెన్. తుపాకీ పట్టే చేత్తో అత్తాకోడళ్ళ తగువులు రాసుకున్నాడంటే మెచ్చుకోవలసిందే! పుస్తకం మీద ఆయన పేరుంది. మరి పచ్చడి నూరుతూనో, నూతి దగ్గర చేంతాడు లాగుతూనో ఆ మాటలన్న ఆడవాళ్ళ పేర్లేవీ? దొరగారి ఎదుటికి వాళ్ళు వెళ్ళి ఉంటారా, మీరే చెప్పండి! ఏ పంతులుగారో ఇంట్లో విన్నవి చేరవేసి ఉంటారని నా ఊహ. భార్య తనని దెప్పినవి మాత్రం మింగేసే ఉంటారు.